సెమాఫోర్ కౌంట్ సున్నా, కానీ పర్మిట్ పట్టుకున్న ప్రాసెస్ ఒక్కటీ లేదు

నిశాచరి

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను. ఎవరైనా దారి చూపిస్తే మేలు చేసినవాళ్లవుతారు.

లైనక్స్, సీ భాష. పెద్ద ఫోటోలను చిన్న సైజుల్లోకి మార్చే సర్వీసు. ఒక పేరెంట్ ప్రాసెస్, దాని కింద 12 మంది వర్కర్లు. ఈ మార్చే పని మెమరీని విపరీతంగా తినేస్తుంది. అందుకని ఎంత పని వచ్చిపడినా ఒకేసారి నలుగురికి మించి ఆ భాగంలోకి వెళ్లకూడదని పేరున్న పోసిక్స్ సెమాఫోర్ (ఇంకా ఎంతమంది లోపలికి వెళ్లొచ్చో లెక్క ఉంచే అంకె) ఒకటి పెట్టాను. సెమ్_ఓపెన్‌తో తెరుస్తాను, మొదటి విలువ 4. పని మొదలయ్యే ముందు సెమ్_వెయిట్‌తో ఒక పర్మిట్ తీసుకోవడం, అయ్యాక సెమ్_పోస్ట్‌తో తిరిగివ్వడం. అంతే.

తొమ్మిది రోజులు చక్కగా నడిచింది. తర్వాత ఒక రాత్రి మొత్తం ఆగిపోయింది. సీపీయూ వాడకం దాదాపు సున్నా. కౌంట్ ఎంతో సెమ్_గెట్‌వాల్యూతో అడిగితే 0 అంది. సరే, నలుగురు పనిలో ఉన్నారేమో అనుకుని జీడీబీ డీబగ్గర్‌తో ఒక్కొక్కరినీ తెరిచి చూశాను. పన్నెండు మందీ సెమ్_వెయిట్ లోపలే ఉన్నారు. కెర్నల్‌కి వెళ్లే పిలుపులు చూపించే ఎస్‌ట్రేస్ పెడితే ఫ్యూటెక్స్ (ఎదురుచూసే పిలుపు) అని ఒక్క లైను వచ్చి అక్కడే నిలిచిపోయింది.

ఇంకో వింత. సర్వీసును పూర్తిగా ఆపి మళ్లీ లేపాను. మొదటి విలువ 4 అని కోడ్‌లో స్పష్టంగా ఉంది. అయినా వచ్చిన మొదటి పనికే ఆగిపోయింది! మెషీన్ రీబూట్ చేస్తే మాత్రం బాగుపడింది.

దారం_ముడి

ఎర్రర్ వచ్చిన దారిలో సెమ్_పోస్ట్ వదిలేసి ఉంటారు. ఇలాంటివి పదిలో తొమ్మిది అదే. ఫైలు పాడైపోయి ఉంటే మధ్యలో రిటర్న్ అవుతుందా? వెయిట్‌కీ పోస్ట్‌కీ మధ్య ఎన్ని రిటర్న్‌లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

నిశాచరి

లెక్కపెట్టానండీ. ఆ ఫంక్షన్‌కి బయటికి దారి ఒక్కటే. ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర్లో ఉన్న ఒకే లేబుల్ దగ్గరికి వెళ్తుంది, అక్కడే సెమ్_పోస్ట్ ఉంది. పాడైపోయిన ఫైళ్లు కావాలని వందల్లో ఇచ్చి చూశాను, కౌంట్ ప్రతిసారీ 4కే తిరిగి వచ్చింది.

పాతకెర్నల్

ముందు ఆ రెండో వింత సంగతి తేల్చేద్దాం, అది తేలిక.

సెమ్_ఓపెన్‌కి మీరిచ్చే మొదటి విలువ, ఆ పేరుతో సెమాఫోర్ లేనప్పుడు కొత్తగా పుట్టిస్తేనే పనికొస్తుంది. అప్పటికే ఉంటే ఆ 4ని అది పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఉన్నదాన్ని ఉన్నట్టే తెరిచి చేతికిస్తుంది. పేరున్న సెమాఫోర్ ఏ ప్రాసెస్‌తోనూ చావదు. ఎవరైనా సెమ్_అన్‌లింక్‌తో ఆ పేరును తీసేయాలి, లేదా మెషీన్ రీబూట్ కావాలి. లైనక్స్‌లో డెవ్ కింద ఎస్‌హెచ్‌ఎమ్ డైరెక్టరీలోకి వెళ్లి చూడండి, మీరు పెట్టిన పేరుకు ముందు 'సెమ్' అని చుక్కతో చేర్చి ఒక చిన్న ఫైలు కనిపిస్తుంది. మీ సున్నా అందులోనే ఉంది. సర్వీసును పదిసార్లు లేపినా ఆ సున్నానే మళ్లీ మళ్లీ తెరుస్తున్నారు.

ఇక అసలు ప్రశ్న. బయటికి దారి ఒక్కటే అన్నారు. కోడ్‌లో కనపడని దారి ఇంకోటి ఉంది: మధ్యలో చచ్చిపోవడం. కెర్నల్ లాగ్ తీసి, మెమరీ చాలక ప్రాసెస్‌ను చంపిన దాఖలాలు ఉన్నాయేమో చూడండి. సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను అక్కడికక్కడే చంపే సిగ్నల్) వస్తే మీ లేబుల్ దాకా ఎవరూ రారు.

మొదటిఅడుగు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను ఇంకా చదువుకుంటున్నాను. ప్రాసెస్ చచ్చిపోతే అది తెరిచిన ఫైళ్లను ఓఎస్సే మూసేస్తుంది కదా, మెమరీ కూడా వెనక్కి తీసుకుంటుంది. మరి సెమాఫోర్ పర్మిట్‌ను మాత్రం ఎందుకు వెనక్కి ఇప్పించదు? అది ఓఎస్‌లో లోపం కాదా?

పాతకెర్నల్

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. లోపం కాదు, సెమాఫోర్ స్వభావమే అది.

'పర్మిట్' అనేది మనం మాట్లాడుకోవడానికి పెట్టుకున్న మాట. లోపల అలాంటి వస్తువేదీ లేదు. ఉన్నది ఒక అంకె, దాని పక్కన ఎంతమంది ఎదురుచూస్తున్నారన్న లెక్క. సెమ్_వెయిట్ అంటే, అంకె సున్నా కన్నా ఎక్కువగా ఉంటే ఒకటి తగ్గించి ముందుకు పో, లేకపోతే నిద్రపో. సెమ్_పోస్ట్ అంటే ఒకటి పెంచు, నిద్రపోతున్నవాళ్లుంటే ఒకరిని లేపు. ఎవరు తగ్గించారో ఎక్కడా రాసి ఉండదు. పోటీ లేనప్పుడైతే ఆ తగ్గించడం కెర్నల్ దాకా కూడా వెళ్లదు, యూజర్ మెమరీలోనే ఒక్క అటామిక్ (మధ్యలో ఎవరూ దూరలేని) ఆపరేషన్‌తో అయిపోతుంది. ఫైలు ఎవరు తెరిచారో కెర్నల్ దగ్గర పట్టిక ఉంది కాబట్టి మూయగలదు. ఈ అంకెను ఎవరు తగ్గించారో దానికి తెలిసే అవకాశమే లేనప్పుడు, ఎవరి తరఫున పెంచుతుంది?

పైగా, తగ్గించినవాడే పెంచాలన్న నియమం కూడా లేదు. 1960ల మొదట్లో డచ్చి కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దీన్ని తయారుచేసినప్పుడే అలా ఉంది. రెక్క ఎత్తి దించే రైలు సిగ్నల్ స్తంభం పేరే దీనికి పెట్టాడు. రెండు పనులకూ పీ, వీ అని ఒక్కో అక్షరం. వీ అంటే డచ్చి భాషలో 'పెంచు' అనే మాటకు మొదటి అక్షరం. పీ కోసం 'తగ్గించడానికి ప్రయత్నించు' అన్న అర్థం వచ్చేలా ఒక మాటను ఆయనే అల్లుకున్నాడు. ఐంధోవెన్‌లో ఆయన బృందం కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ మీద 1968లో వచ్చిన వ్యాసంలో రెండు వాడకాలు విడివిడిగా కనిపిస్తాయి. మొదటిది అందరూ పంచుకునేది, 1తో మొదలవుతుంది, ఒకరు లోపలుంటే ఇంకొకరు రాకుండా. రెండోది ఒక్కో ప్రాసెస్‌కి సొంతంగా ఉండేది, 0తో మొదలవుతుంది. దాని మీద ఎదురుచూసేది ఒకరే, పెంచేది మాత్రం వేరేవాళ్లు. ఈ రెండోది ఉండాలంటే యజమాని అనే ఊహే ఉండకూడదు.

నిశాచరి

దొరికింది! కెర్నల్ లాగ్‌లో మెమరీ చాలక చంపిన వరసలు ఉన్నాయి. అన్నీ నా వర్కర్లే. వర్కర్ చస్తే పేరెంట్ వెంటనే కొత్తదాన్ని పుట్టిస్తుంది, అందుకే నా లెక్కకి ఎప్పుడూ 12 మందీ కనిపించారు. ఒకరు పోయి ఇంకొకరు వచ్చిన సంగతే నాకు తెలియలేదు.

పరీక్షకని కౌంట్‌ను మళ్లీ సున్నా చేసి, ఒక చిన్న ప్రోగ్రాం రాసి చేత్తో నాలుగుసార్లు సెమ్_పోస్ట్ చేశాను. అన్నీ కదిలాయి. కారణం తేలింది కాబట్టి, కౌంట్ పది నిమిషాలు సున్నా దగ్గరే ఉంటే ఒక పోస్ట్ కొట్టే స్క్రిప్ట్ పెట్టేద్దామనుకుంటున్నాను.

దారం_ముడి

ఆ స్క్రిప్ట్ మాత్రం పెట్టకండి. నేను ఒకప్పుడు సరిగ్గా అదే చేశాను, అందుకే చెబుతున్నాను.

నిజంగానే నలుగురూ పెద్ద ఫైళ్ల మీద పదిహేను నిమిషాలు పనిచేస్తున్నారనుకోండి. మీ స్క్రిప్ట్‌కి కనిపించేది సున్నాయే. ఒకటి పెంచుతుంది, ఐదోవాడు లోపలికి వస్తాడు. వాళ్లందరూ పని ముగించి ఎవరి పోస్ట్ వాళ్లు కొడతారు, కౌంట్ 5 అవుతుంది. ఇక అది 5 గానే ఉండిపోతుంది. నా దగ్గర అలా రెండు వారాల్లో 3 నుంచి 7కి చేరింది. సెమాఫోర్‌కి పైహద్దు నువ్వు మొదట ఇచ్చిన విలువ కాదు, లైనక్స్‌లో అది 2147483647. అక్కడిదాకా ఎన్ని పోస్ట్‌లు కొట్టినా నోరెత్తదు. పైథాన్‌లో బౌండెడ్ సెమాఫోర్ అని వేరుగా ఉంది, మొదటి విలువ దాటించబోతే వాల్యూఎర్రర్ విసురుతుంది. పైథాన్‌లో రాసేవాళ్లు లిమిట్ కోసమైతే ఎప్పుడూ అదే వాడాలని నా అభిప్రాయం. సీలో అలాంటి రక్షణ లేదు.

జావామనిషి

కౌంట్ పెరిగిపోవడం అనగానే జావాలో నేను చాలా చోట్ల చూసిన తప్పు గుర్తొచ్చింది. ట్రై బ్లాక్ లోపల మొదటి లైనుగా అక్వైర్ (పర్మిట్ తీసుకోవడం) రాస్తారు, ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీలో రిలీజ్ (తిరిగివ్వడం) రాస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అక్వైర్ దగ్గర ఎదురుచూస్తుండగా ఆ థ్రెడ్‌ను ఎవరైనా ఇంటరప్ట్ చేస్తే ఎక్సెప్షన్ వస్తుంది, పర్మిట్ చేతికి రాలేదు, అయినా ఫైనల్లీ నడుస్తుంది. తీసుకోనిదాన్ని తిరిగిచ్చేసినట్టు. జావా సెమాఫోర్ కూడా రిలీజ్ చేసేవాడు ముందు అక్వైర్ చేశాడా లేదా అని అడగదు. అక్వైర్‌ను ట్రైకి ముందు లైనులో రాయాలి, అంతే తేడా.

మొదటిఅడుగు

నిశాచరి గారూ, కెర్నల్ లాగ్‌లో చంపిన వరసలు మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతారా? నాలుగేనా?

నిశాచరి

ఇప్పుడే సరిగ్గా లెక్కపెట్టాను. నాలుగు కాదు, ఏడు. తొమ్మిది రోజుల్లో ఏడుగురు. మొదటిది రెండో రోజు తెల్లవారుజామున 3:10కి.

మొదటిఅడుగు

మరైతే లెక్క కుదరడం లేదు కదండీ. ఉన్నవి నాలుగు. నలుగురు చచ్చేసరికే సున్నా అయిపోవాలి, అక్కడితో ఎవరూ పనిలోకి వెళ్లరు, మెమరీ తినేవాళ్లే ఉండరు. ఏడుగురు ఎలా చచ్చారు? మధ్యలో ఎక్కడో మూడు పర్మిట్లు ఎక్కువ వచ్చి ఉండాలి.

పాతకెర్నల్

శభాష్. నేను దాటేసిన సంగతి నువ్వు పట్టుకున్నావు.

ఇంకోటి కూడా. ఒకేసారి నలుగురే అయితే మెమరీ చాలాలని కదా ఆ 4 పెట్టుకున్నది. మరి చాలకుండా ఎందుకు పోయింది? నిశాచరి గారూ, మీ సెమ్_వెయిట్ పిలుపు ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది తిరిగిచ్చే విలువను చూస్తున్నారా?

నిశాచరి

చూడటం లేదు. సెమ్_వెయిట్ అని పిలిచి, కింద లైనులో పని మొదలుపెట్టేస్తున్నాను. అది ఫెయిల్ అయ్యేది కాదనుకున్నాను.

పాతకెర్నల్

అదుగో. ఎదురుచూస్తున్న ప్రాసెస్‌కి సిగ్నల్ వచ్చి, దానికి మీరు హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి ఉంటే, హ్యాండ్లర్ నడిచాక సెమ్_వెయిట్ మైనస్ ఒకటితో తిరిగి వచ్చేస్తుంది, ఎర్రర్ కారణం ఉండే ఎర్ర్‌నోలో ఈఇంటర్ ('సిగ్నల్ మధ్యలో ఆపింది' అని) ఉంటుంది. అంకె తగ్గలేదు. మీరు అది చూడకుండా ముందుకు పోతే పర్మిట్ లేకుండానే లోపలికి వెళ్లినట్టు. పని అయ్యాక తగ్గించని అంకెను పెంచుతారు. జావామనిషి గారు చెప్పిన కథే, భాష మారింది. హ్యాండ్లర్ పెట్టే సిగ్‌యాక్షన్‌లో ఎస్ఏ_రీస్టార్ట్ జెండా పెట్టి ఉంటే ఈ కాలపు లైనక్స్ వెయిట్‌ను తనే మళ్లీ మొదలుపెడుతుంది. మీరు పెట్టారా? వర్కర్లకి సిగ్నల్ ఎవరు పంపుతున్నారు?

నిశాచరి

జెండాల చోట సున్నా ఉంది. సిగ్నల్... లాగ్ ఫైలు మార్చే పని రోజూ తెల్లవారుజామున 3 గంటలకి నడుస్తుంది. కొత్త లాగ్ తెరుచుకోమని వర్కర్లందరికీ సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపుతుంది.

మొదటి చావు 3:10కి. 

ఇప్పుడు మొత్తం కళ్లకు కట్టినట్టుంది. ఆ వేళకి పని తక్కువ, చాలా రోజులు వెయిట్‌లో ఎవరూ ఉండరు కాబట్టి ఏమీ జరగదు. ఎప్పుడో ఒకరు ఎదురుచూస్తుంటే సిగ్‌హప్ వాళ్లను లేపి లోపలికి తోసేసింది. కౌంట్ 5 అయింది. పని ఎక్కువైనప్పుడు ఐదుగురు ఒకేసారి వెళ్లారు, మెమరీ నిండింది, కెర్నల్ ఒకరిని చంపింది, ఆ పర్మిట్ పోయి మళ్లీ 4. పెరగడం తరగడం ఒకదాన్నొకటి కప్పేసుకుంటూ వచ్చాయి. మూడు పెరిగి ఏడు తరిగి సున్నాకి చేరింది.

కొండగాలి

నాలుగుకి మూడు కలిపి ఏడు తీసేస్తే సున్నా. చాలా రోజుల తర్వాత ఇంత చక్కగా తేలిన డీబగ్ చూశాను. సెమ్_వెయిట్‌ను ఈఇంటర్ వచ్చినంతసేపూ మళ్లీ పిలిచే లూప్‌లో పెట్టండి, వేరే ఎర్రర్ అయితే పనిలోకి వెళ్లకుండా ఆపేయండి. ఎస్ఏ_రీస్టార్ట్ పెట్టినా ఈ లూప్ ఉండాలి, ఎందుకంటే రేపు ఎవరో ఏదో లైబ్రరీ చేరుస్తారు, అది తన హ్యాండ్లర్ తను పెట్టుకుంటుంది.

మొదటిఅడుగు

ఇంకో సందేహం. విలువ 1 ఉన్న సెమాఫోర్, మ్యూటెక్స్ (ఒకేసారి ఒక్కరినే లోపలికి వదిలే లాక్) రెండూ ఒకటేనని మా నోట్స్‌లో ఉంది. పైన యజమాని గురించి చదివాక అనుమానం వచ్చింది.

గడియారపు_ముల్లు

నేను రియల్‌టైమ్ సిస్టమ్స్ మీద పనిచేస్తాను, దీనికి నేను చెబుతాను. ఒకటి కావు. ఆ తేడా ఎంత బరువైనదో చెప్పడానికి నాసా అంతరిక్ష నౌక మార్స్ పాత్‌ఫైండర్ చాలు.

1997 జులై 4న అది అంగారకుడి మీద దిగింది. కొన్నాళ్లకి తనంతట తనే రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు పోగుచేసే టాస్క్ ప్రాధాన్యంలో కింద ఉండేది. అది ఒక లాక్ పట్టుకుని ఉండగా, పై ప్రాధాన్యం ఉన్న బస్ టాస్క్‌కి (డేటా బస్‌ను నడిపేది) అదే లాక్ కావాల్సి వచ్చి ఆగింది. ఈలోగా మధ్య ప్రాధాన్యం ఉన్న కమ్యూనికేషన్ టాస్క్ వచ్చి సీపీయూ తీసుకుంది. కిందిదానికి సీపీయూ దొరకదు, కాబట్టి లాక్ వదలదు, పైది కదలదు. బస్ టాస్క్ సమయానికి తన పని పూర్తిచెయ్యలేదని కనిపెట్టి సిస్టమ్ మొత్తం రీసెట్. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. ఆ లాక్‌కి ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అనే సౌకర్యం ఉంది గానీ ఆన్ చేసి లేదు. భూమి మీద నుంచి ఆ మార్పు పంపి ఆన్ చేశారు, రీసెట్‌లు ఆగాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకి. ఇన్‌హెరిటెన్స్ అంటే, పైవాడు ఎదురుచూస్తున్నంతసేపూ లాక్ పట్టుకున్నవాడికి పైవాడి ప్రాధాన్యం అరువివ్వడం. ఎవరికి ఇవ్వాలి? పట్టుకున్నది ఎవరో తెలిస్తేనే కదా! మ్యూటెక్స్‌కి తెలుసు. విలువ 1 ఉన్న సెమాఫోర్‌కి తెలియదు. లైనక్స్ కెర్నల్ లోపల కూడా లాక్ పనికి ఏళ్ల తరబడి సెమాఫోర్లే వాడారు. 2006లో 2.6.16తో విడిగా మ్యూటెక్స్ వచ్చాక చాలా చోట్ల దానికి మారారు.

అలాగని సెమాఫోర్‌ను తక్కువ చెయ్యడం లేదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి టాస్క్‌కి 'డేటా వచ్చింది, లే' అని చెప్పడానికి నేను రోజూ దాన్నే వాడతాను. సున్నాతో మొదలుపెడతాను, హ్యాండ్లర్ పెంచుతుంది, టాస్క్ తగ్గిస్తుంది. మామూలు యునిక్స్ ప్రోగ్రాముల్లో కూడా సిగ్నల్ హ్యాండ్లర్ లోపల నుంచి భయం లేకుండా పిలవగలిగిన అతి కొద్ది వాటిలో సెమ్_పోస్ట్ ఒకటి. మ్యూటెక్స్ అన్‌లాక్ ఆ జాబితాలో లేదు.

కొండగాలి

దానికే కొనసాగింపుగా ఒక్క మాట. కండిషన్ వేరియబుల్‌తో (ఎదురుచూసేవాళ్లను లేపే ఇంకో సాధనం) పోలిస్తే సెమాఫోర్ గొప్పతనం, అది గుర్తుపెట్టుకుంటుంది. ఎవరూ ఎదురుచూడనప్పుడు కండిషన్ సిగ్నల్ ఇస్తే అది గాలిలో కలిసిపోతుంది. సెమాఫోర్‌ని పెంచితే, తర్వాత ఎప్పుడో తీరిగ్గా వచ్చినవాడికి కూడా ఆ పెంపు దొరుకుతుంది.

తమ్ముడూ, పరీక్షలో ప్రొడ్యూసర్, కన్స్యూమర్ (ఒకరు బఫర్‌లో సరుకు పెట్టడం, ఇంకొకరు తీసుకోవడం) తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇది కాగితం మీద పెట్టి చూసుకో. మూడు ఉంటాయి: 'ఖాళీ' బఫర్ సైజుతో మొదలవుతుంది, 'నిండు' సున్నాతో, 'తాళం' 1తో. ప్రొడ్యూసర్ ముందు ఖాళీ మీద వెయిట్, ఆ తర్వాత తాళం మీద వెయిట్. ఈ రెండు లైన్లు తారుమారు చేశావనుకో. బఫర్ నిండిపోయి ఉంది, ప్రొడ్యూసర్ తాళం తీసుకుని లోపలికి వెళ్లి ఖాళీ కోసం నిద్రపోతుంది. ఖాళీ చెయ్యాల్సిన కన్స్యూమర్‌కి తాళం కావాలి, అది నిద్రపోయేవాడి చేతిలో ఉంది. ఇద్దరూ ఇక లేవరు. పోస్ట్‌ల వరస తారుమారైతే మాత్రం ఇలాంటి డెడ్‌లాక్ రాదు, ఎందుకో నువ్వే ఆలోచించు.

మొదటిఅడుగు

పోస్ట్ ఎప్పుడూ నిద్రపోదు కాబట్టి! ఎదురుచూడని పని ఏ వరసలో చేసినా ఎవరినీ కట్టిపడేయదు.

నిశాచరి

ఈఇంటర్ లూప్ పెట్టేశాను. కానీ చావు సమస్య అలాగే ఉంది. మెమరీ కాకపోతే ఇంకేదో కారణానికి వర్కర్ చస్తుంది. పర్మిట్ వెనక్కి రావాలంటే ఏం చెయ్యాలి? పేరెంట్‌కి ఎవరు చచ్చారో వెయిట్‌పిడ్ పిలుపుతో తెలుస్తుంది కదా, షేర్డ్ మెమరీలో వర్కర్‌కి ఒక జెండా పెట్టి, పర్మిట్ తీసుకోగానే ఎత్తమని, చచ్చినప్పుడు జెండా ఎత్తి ఉంటే పేరెంట్ పోస్ట్ కొట్టమని అనుకుంటున్నాను.

దారం_ముడి

సెమ్_వెయిట్ నుంచి బయటికి వచ్చి జెండా ఎత్తేలోపు చస్తే? పర్మిట్ పోయింది, జెండా దిగి ఉంది. పోనీ జెండా ముందే ఎత్తి వెయిట్‌లోకి వెళ్తే, వెయిట్‌లో చచ్చినవాడికి కూడా పేరెంట్ పోస్ట్ కొడుతుంది. ఆ సందు ఎంత సన్నగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు అందులో పడతారు.

యునిక్స్‌లో ఇంకో రకమైన సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్లు చూడండి. వాటి అంకెను మార్చే సెమాప్‌కి సెమ్_అన్‌డూ అని జెండా ఉంది. అది పెడితే ఈ ప్రాసెస్ ఈ సెమాఫోర్‌ను ఎంత మార్చిందో కెర్నల్ లెక్క రాసుకుంటుంది, ప్రాసెస్ ఎలా చచ్చినా ఆ మేరకు తిరగదోడుతుంది. మీకు కావాల్సింది సరిగ్గా ఇదే.

పాతకెర్నల్

సెమ్_అన్‌డూ పనిచేస్తుంది, కాదనను. కానీ సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్లను పుట్టించడం ఒక పని, మొదటి విలువ పెట్టడం ఇంకో పని. ఆ రెండింటి మధ్య వేరే ప్రాసెస్ దూరితే విలువ పెట్టని సెమాఫోర్ దానికి దొరుకుతుంది. జాగ్రత్త పడకపోతే అదో కొత్త బగ్. ఇంకోటి, ఒకరు తగ్గించి వేరొకరు పెంచే వాడకంలో అన్‌డూ పెడితే లెక్క పూర్తిగా చెడుతుంది, కన్స్యూమర్ పోయినప్పుడు తను న్యాయంగా తీసుకున్నవన్నీ కెర్నల్ వెనక్కి పెంచేస్తుంది. నిశాచరి గారిది అలాంటిది కాదు కాబట్టి ఆ భయం లేదు.

నేనైతే ఇక్కడ సెమాఫోరే వద్దంటాను. నాలుగు ఖాళీ ఫైళ్లు పెట్టండి, స్లాట్ ఒకటి నుంచి నాలుగు దాకా. వర్కర్ పని మొదలుపెట్టే ముందు ఆ నాలుగింటి మీదా వరసగా ఎఫ్‌లాక్‌ను (ఫైలుకి తాళం వేసే పిలుపు) ఎదురుచూడని పద్ధతిలో ప్రయత్నించాలి. ఏది దొరికితే అది. ఏదీ దొరక్కపోతే కొన్ని మిల్లీసెకన్లు ఆగి మళ్లీ. ఎఫ్‌లాక్ తెరిచిన ఫైలుకి అతుక్కుని ఉంటుంది. ప్రాసెస్ ఎలా చచ్చినా కెర్నల్ ఫైలు మూస్తుంది, లాక్ దానంతట అదే ఊడుతుంది. ఇప్పుడు మీ లాక్‌కి యజమాని ఉన్నట్టే.

దారం_ముడి

పదే పదే ప్రయత్నించడం నాకు నచ్చదు. సెమాఫోర్ అయితే నిద్రపోయి సరైన క్షణాన లేస్తుంది.

పాతకెర్నల్

మీ మాట నిజమే, మైక్రోసెకన్ల పని అయితే నేనూ అదే అనేవాణ్ణి. ఇక్కడ ఒక్కో పనీ సెకన్ల కొద్దీ నడుస్తుంది, 50 మిల్లీసెకన్ల ఆలస్యం ఎవరికీ తెలియదు. పైగా ఎవరు ఏ స్లాట్ పట్టుకున్నారో లాక్‌ల పట్టిక తీసి పిడ్‌తో (ప్రాసెస్ నంబరు) సహా చూడొచ్చు. సెమాఫోర్ దగ్గర నిశాచరి గారికి కనిపించింది ఒక్క సున్నా.

నిశాచరి

ఒక అనుమానం. కొన్ని రకాల ఫైళ్లకి వర్కర్ ఫోర్క్ చేసి (పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి) బయటి ప్రోగ్రాం ఒకటి నడుపుతుంది. ఎఫ్‌లాక్ ఉన్న ఫైలు దానికి కూడా వెళ్తుందా?

పాతకెర్నల్

వెళ్తుంది, కొత్త ప్రోగ్రాం మొదలవగానే ఫైలు మూసేసే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ జెండా పెట్టకపోతే. మామూలుగా ఇది చాలామందిని ముంచే విషయం: పేరెంట్ పోయినా పిల్ల దగ్గర ఆ ఫైలు తెరిచే ఉంటుంది, లాక్ ఊడదు. కానీ మీ విషయంలో ఆలోచించండి. వర్కర్ చచ్చిపోయి, బయటి ప్రోగ్రాం ఇంకా నడుస్తుంటే, మెమరీ తింటున్నది ఎవరు?

నిశాచరి

బయటి ప్రోగ్రామే. అంటే అది బతికి ఉన్నంతసేపూ స్లాట్ పట్టుకుని ఉండటమే నాకు కావాల్సింది! సెమాఫోర్‌తో, జెండాతో, ఎన్ని తంటాలు పడినా ఇది దొరికేది కాదు. వర్కర్ చచ్చిందని పేరెంట్ పోస్ట్ కొట్టేసేది, పిల్ల మెమరీ తింటూనే ఉండేది.

జావామనిషి

ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్ల మధ్య లిమిట్ కావాలనుకునేవాళ్లు ఇది చదివి సెమాఫోర్ వదిలేయకండి. అక్కడ ప్రాసెస్ చస్తే థ్రెడ్లన్నీ కలిసే చస్తాయి, కౌంట్ కూడా వాటితోనే పోతుంది, మళ్లీ లేచినప్పుడు కొత్తగా మొదలవుతుంది. ఫైనల్లీ సరిగ్గా రాసుకుంటే చాలు.

నిశాచరి

వారం తర్వాత రాస్తున్నాను. ఎఫ్‌లాక్ స్లాట్లకి మారాను. మారిన రోజే ఒక పరీక్ష పెట్టాను: పని నిండుగా ఇచ్చి, ప్రతి సెకనుకీ ఏదో ఒక వర్కర్‌ని సిగ్‌కిల్‌తో చంపుతూ, మధ్యమధ్యలో అందరికీ సిగ్‌హప్ పంపుతూ గంటసేపు నడిపాను. ఎప్పుడు చూసినా లోపల నలుగురికి మించి లేరు, చివర్లో చంపడం ఆపగానే నాలుగు స్లాట్లూ ఖాళీ అయ్యాయి. ఈ వారంలో కెర్నల్ లాగ్‌లో మెమరీ చాలక చంపిన వరస ఒక్కటీ లేదు.

పనులు వచ్చాయని పేరెంట్ వర్కర్లను లేపే చోట సున్నాతో మొదలయ్యే సెమాఫోర్ ఒకటి ఉంది. దాన్ని అలాగే ఉంచాను, కాకపోతే సర్వీసు మొదలవగానే పాత పేరును సెమ్_అన్‌లింక్ చేసి కొత్తగా పుట్టిస్తున్నాను. ఒక వర్కర్ ఆ వెయిట్ నుంచి బయటికి వచ్చి, పని అందుకోకముందే చస్తే ఆ పని క్యూలో మిగిలిపోతుందని నిన్ననే తట్టింది. అందుకే వెయిట్‌పిడ్‌లో ఏ వర్కర్ చావు కనిపించినా పేరెంట్ ఒక పోస్ట్ ఎక్కువ కొడుతుంది, లేచినవాడికి క్యూ ఖాళీగా ఉంటే మళ్లీ నిద్రపోతాడు. ఇక్కడ కౌంట్ ఒకటి ఎక్కువైనా నష్టం లేదు కదా, పాతకెర్నల్ గారూ?

పాతకెర్నల్

లేదు. లేచిన ప్రతివాడూ క్యూను స్వయంగా చూసుకుంటున్నంతకాలం ఎక్కువైన పోస్ట్ ఒక వృథా మేలుకొలుపు మాత్రమే, తక్కువైతేనే పని ఆగుతుంది. అలాగే ఉంచండి.